పునాది చెప్పునది, మనము చెప్పించునది

ఇంగ్లండు దక్షిణభాగమున, హాంప్‌షైర్ మండలమునందలి సిల్చెస్టర్ గ్రామముచెంత, ఇంచుమించు 100 ఎకరముల పచ్చికబయలును చుట్టి యొక ప్రాచీనప్రాకారము నేటికిని నిలిచియున్నది. ఆ ప్రాకారములోపల నొకప్పుడు కాలెవా అట్రెబాటమ్ అను రోమను పట్టణముండెను. రోమను పాలన అంతరించిన కొంతకాలమునకు ఆ పట్టణము పాడువడి, లండనువలెను యార్కువలెను మధ్యయుగములందు మరల జనసమ్మర్దమైన నగరము గాక, పైన పొలములు మాత్రమే మిగులుటచేత, భూగర్భమునందలి గతమును శోధింపగోరువారికి అంతకంటె అనుకూలమైన స్థలము బ్రిటనులో దొరకుట అరుదు. 1890 మొదలు 1909 వరకు లండనులోని పురాతత్త్వవేత్తల సంఘమువారు ఆ ప్రాకారములోపలి భూమిని వాడవాడగా శోధించి, బయలుపడిన రాతిపునాదులను కొలిచి, పట్టణమంతటికిని ఒక మహాపటమును సిద్ధపరచిరి. ఆ పటమును చూచినవారికి విశాలమైన తోటలనడుమ, ఒకదానికొకటి ఎడముగా, సంపన్నుల రాతియిండ్లు తీరుగా నిలిచిన ప్రశాంతమైన ఉద్యాననగరమొకటి స్ఫురించెడిది. చిరకాలము పండితులును పాఠకులును ఆ రూపమునే పట్టణముయొక్క నిజరూపముగా భావించిరి.

ఆ భావము కలుగుటకు కారణము తవ్విన పద్ధతిలోనే యున్నది. కూలీలు ప్రతి వాడయందును ఏటవాలుగా, సమాంతరముగా, సన్నని కందకములు తవ్వుకొనుచు పోయెడివారు. పారకు రాయి తగిలినచోట ఆగి, ఆ గోడ వెంబడి తవ్వి, దాని మూలలను తేల్చెడివారు. రాయి తగులనిచోట ఏమియు లేదని పూడ్చివేసెడివారు. కొయ్యతో, బంకమట్టితో, తడికలతో కట్టిన ఇల్లు కూలిపోయి నేలలో కలిసినపుడు అది విడిచిపోవునది రాయి కాదు. గుంజ పాతిన గుంట, అడుగుదూలము కుళ్లిన నల్లని చార, కాలిన మట్టిపెళ్ల, పొయ్యి చుట్టును ఎఱ్ఱబారిన నేల, ఇంతమాత్రమే. అట్టి సూక్ష్మచిహ్నములు సన్నని కందకమునందు, వేగముగా సాగు పనిలో, కంటబడుట దుర్ఘటము. 1997లో రీడింగ్ విశ్వవిద్యాలయమువారు మైకేల్ ఫుల్‌ఫోర్డ్, అమాండా క్లార్క్ గార్ల ఆధ్వర్యమున, పూర్వము 1893లో శోధింపబడిన తొమ్మిదవ వాడలోనే 55 మీటర్ల చదరమును మరల తెరచి, 2014 వరకు వేసవివేసవికిని పొరపొరగా విప్పిరి. రాతియిండ్లకు ఎడముగా తోటలున్నవనుకొన్న తావులలో కొయ్యయిండ్లు, పనివాండ్ర అంగళ్లు, పొయ్యిలు, బావులు, చెత్తగుంటలు బయలుపడినవి. వాటికిని అడుగున రోమనులు రాకపూర్వపు స్థానికజనుల వీధులును నివాసములును కానవచ్చినవి. రాతికై వెదకినవారికి రాయియే దొరికినది. వారు నిజాయితీపరులు, శ్రమజీవులు, కొలతలలో నిర్దుష్టులు. వారు కాగితముపై గీచిన ప్రతి గీతయు నేలలో నున్నదే. అయినను ఆ గీతలన్నియు కలసి పాఠకునికి కలిగించిన పట్టణరూపము సత్యమునకు చాలదూరము.

ప్రాచీనగృహముల తవ్వకములలో రాతిపునాదికి లభించు గౌరవము సహజమైనది. అది తాకుటకు దృఢమైనది, కొలుచుటకు సులభమైనది, ఛాయాచిత్రమున కింపైనది. కాని ఆ దృఢత్వము రాతిదే గాని, ఆ రాతిపై మనము లేవనెత్తు కథది కాదు. ఒక రోమను గృహము బయలుపడెనన్న వార్త పత్రికలలో వచ్చినపుడు దానితోడనే ఎఱ్ఱపెంకుల కప్పును, స్తంభముల వసారాయు, ముంగిట నిలిచిన గృహపతియు గల వర్ణచిత్రమొకటి తరచుగా వచ్చుచుండును. దానిని చూచి మనమానందింతుము. ఆ చిత్రములో నేలనుండి వచ్చినది ఎంత, చిత్రకారుని చేతినుండి వచ్చినది ఎంత యని అడుగువారు కొందరే. అందరును అడుగవలెననియు, అడిగినవారికి సమాధానము ఆ చిత్రమునందే సిద్ధముగా నుంచుట తవ్వినవారి విధియనియు నా వాదము.

పునాది నిజముగా ఏమి చెప్పగలదో ముందు చూతము. ఆగస్టస్ చక్రవర్తికి అంకితముగా పది భాగముల వాస్తుగ్రంథము రచించిన విట్రూవియస్, పునాదిని గట్టినేల తగులువరకు దింపవలెననియు, గట్టినేల దొరకనిచోట కాల్చి బలపరచిన కొయ్యమొద్దులను దగ్గరదగ్గరగా దిగగొట్టి వాటినడుమ బొగ్గు నింపవలెననియు విధించెను. బ్రిటనువంటి రాష్ట్రములలో చెకుముకిరాళ్లను, సుద్దరాళ్లను కందకములో కూరి, దానిపై సున్నపు గచ్చుతో గోడ లేపుటయు కలదు. ఎట్లు కట్టినను గోడ యెక్కడనుండి యెక్కడికి పోయినదో పునాది నిస్సందేహముగా చెప్పును. రెండు గోడలు కలియు మూలలో రాళ్లు ఒకదానిలోనికొకటి చొచ్చి పెనవేసికొన్నచో ఆ రెండును ఒకే నిర్మాణమునకు చెందినవి. ఒకటి మరియొకదాని కానుకొని మాత్రమే నిలిచినచో ఆనుకొన్నదే తరువాతిది. ఈ చిన్నసూత్రముచేత ఒక యింటి పుట్టుకయు, పెరుగుదలయు, పంపకములును తెలియవచ్చును. సిల్చెస్టర్ తొమ్మిదవ వాడలోని పెద్దయిల్లు పాతపటములో ఒకే గృహముగా కనబడుచుండగా, అది మొదట వేర్వేరుగా నున్న రెండు కట్టడములు పిదప ఏకమై ఏర్పడినదని తరువాతి శోధన నిర్ణయించినది. ఆ యిల్లు రోమను వీధుల చదరపు పొందికకు ఏటవాలుగా నిలిచియుండుట మరింత ఆలోచింపదగినది. రాజమార్గములు ఒక దిక్కునకు సాగుచుండ, ఇల్లు మరియొక దిక్కునకు మొగమై యున్నదన్నచో, ఆ స్థలపు హద్దులు వీధులకంటె పూర్వపువై యుండవచ్చుననియు, పాలకులు మారినను భూమిమీది పాతహక్కులు కొన్ని నిలిచినవేమోయనియు ఊహింపవచ్చును. ఈ ఊహ నాకు మిక్కిలి ప్రీతిపాత్రము, అయినను ఊహయే.

కాలనిర్ణయమునందు పునాదికంటె పునాదిని పట్టుకొన్న మట్టియే విలువైన సాక్షి. గోడ కట్టుటకు తవ్విన కందకమును పూడ్చిన మట్టిలో, గోడకు ముందే యుండి గోడచేత కోయబడిన పొరలలో, గోడ కట్టిన తరువాత దానివరకు వచ్చి ఆగిన గచ్చునేలలో దొరకు కుండపెంకులును నాణెములును ఆ గోడ వయస్సును ఇరువైపులనుండి బిగించును. కందకములో దొరకిన తుదికాలపు నాణెము ముద్రింపబడకముందు ఆ గోడ పుట్టియుండజాలదు. కాని ఆ నాణెము ముద్రింపబడిన మరుసటియేడే పుట్టినదని చెప్పుటకు వీలులేదు. నాణెములు తరములు మారినను చేతులు మారుచునే యుండును. ఇది తెలియని పురావస్తుశాస్త్రజ్ఞుడుండడు. అయినను ప్రకటనలలో మాత్రము "అంతకు పూర్వము కాదు" అన్న జాగ్రత్తమాట జారిపోయి, ఒక నిశ్చితమైన సంవత్సరము పైకి వచ్చుచుండును. ఇక గోడవెంబడియే కందకము తవ్వుకొనిపోయినచో, గోడకును నేలపొరలకును గల ఆ సంబంధమే తెగిపోవును. సిల్చెస్టర్ తొలిశోధకులు తెలియక చేసిన హాని యిదియే. గోడను కాపాడిరి, దాని వయస్సు చెప్పగల మట్టిని ఎత్తి పారబోసిరి.

పునాది చెప్పజాలనివి అంతకంటె పెక్కు. అందు మొదటిది ద్వారము. గోడ నేలమట్టమునకు పైన తెగి ద్వారమిచ్చినను, క్రింద పునాది తెగకుండ సాగిపోవుట సామాన్యము. గడపరాయి మిగిలియున్ననేగాని ద్వారమెక్కడిదో తెలియదు. ద్వారము తెలియనిదే యింటిలో మనుష్యులెట్లు తిరిగిరో, అతిథి యెంతవరకు వచ్చెనో, వంటవాండ్రెటునుండి వచ్చిరో తెలియదు; అనగా ఇల్లు గోడలుగా తెలిసినదేగాని నివాసముగా తెలియలేదన్నమాట. కిటికీల సంగతి చెప్పనే యక్కరలేదు. ఇక అంతస్తులు. సుమారు 29.6 సెంటీమీటర్ల రోమను అడుగు లెక్కన రెండడుగుల మందముగల పునాదిని చూచి రెండంతస్తుల మేడయని ఒకరు, ఒంటియంతస్తేయని ఒకరు, అది మోకాలియెత్తు పిట్టగోడ మాత్రమేననియు దానిపై కొయ్యచట్రములో మట్టిగోడ లేచినదనియు మరియొకరు వాదింపవచ్చును. ఆ మువ్వురకును పునాది సమానముగనే సాక్ష్యమిచ్చును.

కొయ్యచట్రపు గోడలను గూర్చి విట్రూవియస్ ఎంతో విసుగుతో వ్రాసినాడు. అవి చౌకగను త్వరగను లేచునేగాని అగ్నికి ఆహుతియగుటకే పుట్టినవని అతని నింద. అట్టి గోడలతో కట్టిన యింటిని కన్నులార చూడవలెనన్నచో హెర్క్యులేనియమునకు పోవలెను. క్రీ.శ. 79లో వెసూవియస్ విస్ఫోటనమున కప్పబడిన ఆ పట్టణములో 'కాసా ఆ గ్రాటిచ్చో' అని ఇటాలియనులు పిలుచు రెండంతస్తుల యిల్లు, సన్నని కొయ్యచట్రములనడుమ చిన్నరాళ్లును సున్నమును నింపిన గోడలతో, మేడమీది గదులతోసహా నిలిచినది. అగ్నిపర్వతపు పూడికయే దానిని కాపాడినది. అదే యిల్లు మరియొక పట్టణములో సహజముగా శిథిలమై యుండినచో మేడమీద బ్రతికినవారి జాడ సమూలముగా నశించి, దొరకిన పునాదులను చూచి దాని నొక చిన్న సామాన్యగృహముగా లెక్కించియుందుము. దీనికి తోడుగా హాంప్‌షైరులోని మియన్‌స్టోక్ సంగతి చెప్పవలెను. అక్కడ ఒక రోమను కట్టడపు ముఖభాగపు గోడ నిలువునా వెలికిలబడి, పడినది పడినట్లుగానే మట్టిలో నుండిపోగా, 1989లో బయల్పడి, నేడు బ్రిటిష్ మ్యూజియమునందున్నది. పొలములో పల్లెకట్టడమునకు అంతటి యెత్తును, చెకుముకిరాళ్లు పెంకులు కలిపిన రంగురంగుల అలంకారమును, పైవరుస కిటికీల తోరణములును ఉండునని దాని పునాదులను మాత్రమే చూచినవారు ఊహింపగలిగెడివారు కారు. అనగా పునాది మనలను అతిశయోక్తికే గాక అల్పోక్తికిని ఈడ్చును.

ఇంత చెప్పుటచేత పునాదులవలన ఏమియు తెలియదని పాఠకులనుకొనరాదు. ససెక్సు మండలములోని ఫిష్‌బోర్న్ దీనికి ప్రబలసాక్ష్యము. 1960లో నీటిగొట్టముకొఱకు కందకము తవ్వుచుండగా రోమను కట్టడపు రాళ్లు తగులుటతో అక్కడి కథ మొదలైనది. మరుసటియేటినుండి బారీ కన్లిఫ్ నాయకత్వమున సాగిన తవ్వకములలో, క్రీ.శ. 75 ప్రాంతమున నిర్మింపబడి, నడుమ ఉద్యానమును నాలుగుప్రక్కల భవనపంక్తులును గల మహాగృహమొకటి తేలినది. మూడవ శతాబ్ది చివరిభాగమున అది అగ్నిప్రమాదమున దగ్ధమైన పిదప, దాని గోడలరాళ్లను జనులు పునాదులతోసహా పెఱికి ఇతరనిర్మాణములకు తీసికొనిపోయిరి. కావున పెక్కుచోట్ల శోధకులకు దొరికినది గోడ కాదు, గోడను పెఱికిన గుంటయే. ఆ గుంటలో తరువాత నిండిన వదులుమట్టి చుట్టుప్రక్కల గట్టినేలకంటె భిన్నముగా నుండుటచేత, దానిని మాత్రమే జాగ్రత్తగా తీసివేసి, లేని గోడలయొక్క పూర్తిపటమును గీచిరి. అంతియే కాదు. ఉద్యానములో పొదలవరుసలు నాటుటకు రోమనులు తవ్వి సారవంతమైన మట్టి నింపిన కాలువలను గుర్తించి, బాట కిరువైపుల పొదలు ఏ వంపులతో పెరిగినవో తేల్చిరి. నేడు ఆ వంపులలోనే మరల పొదలు నాటబడియున్నవి. మట్టిరంగులోని భేదమును చదివి ఇంచుమించు పందొమ్మిదివందల యేండ్లనాటి తోటను తిరిగి పచ్చగా నిలిపిన ఈ పనిని మించిన శాస్త్రవిజయము ఈ రంగములో నాకు తెలిసినంతవరకు అరుదు.

అదే ఫిష్‌బోర్న్‌లో నిశ్చయమునకును ఊహకును గల హద్దును కూడ చక్కగా చూడవచ్చును. దక్షిణపు పంక్తిలో అధికభాగము నేటి బాటక్రిందను ఇండ్లక్రిందను ఉండుటచేత, ఉత్తరపు పంక్తివలె అది విప్పి చూడబడలేదు. ఇక ఆ గృహము ఎవరిది? రోమనులకు మిత్రుడై కొన్ని మండలములనేలిన కోగిడుబ్నస్ అను స్థానికరాజును చరిత్రకారుడు టాసిటస్ పేర్కొనెను. సమీపమునందలి చిచెస్టర్ పట్టణములో 1723లో దొరికిన శిలాశాసనమందు ఆ రాజు నామము, మొదటి అక్షరములు విరిగిపోయి, కనబడుచున్నది. ఇంతటి గృహము, ఆ రాజు, ఆ ప్రాంతము కలిసివచ్చుటచేత ఇది ఆ రాజప్రాసాదమేయని కన్లిఫ్ అభిప్రాయపడెను. యుక్తమైన అభిప్రాయమే. కాని ఆ గృహమునందు అతని పేరుగల శాసనమేదియు దొరకలేదు. మరియొక యజమానిని, మరికొంత తరువాతి కాలమును ప్రతిపాదించిన పండితులును కలరు. గోడలపటము నిశ్చయము, గృహపతి పేరు సంభావ్యము. ఈ రెండును ఒకే గొంతుతో చెప్పబడరాదు.

ఒకే గొంతుతో చెప్పినచో ఏమగునో పొంపేయిలోని శస్త్రవైద్యుని గృహచరిత్ర తెలుపును. 18వ శతాబ్దిలో తవ్వినపుడు శస్త్రచికిత్సా పరికరములు దొరకుటచే ఆ పేరు పొందిన ఆ యింటి ముఖభాగము సార్నో లోయలోని సున్నపురాతి పెద్దదిమ్మెలతో కట్టబడినది. 19వ శతాబ్ది పండితులు గోడలలోని రాతిజాతిని బట్టి పట్టణమునకంతటికిని కాలవిభాగములు కల్పించి, సున్నపురాతియుగము అన్నిటికంటె పూర్వమనియు, కావున ఈ యిల్లు పొంపేయిలోకెల్ల ప్రాచీనమనియు నిర్ణయించిరి. క్రీ.పూ. నాలుగవ శతాబ్దియనియు, మూడవదనియు గ్రంథములకెక్కినది. దానినిబట్టియే రోమను గృహముయొక్క మూలరూపమిదియేనని, తక్కిన యిండ్లన్నియు దీనినుండి పెరిగినవని ఒక వంశవృక్షమును గీచిరి. రోమను గృహమనగా, మన మండువా లోగిలివలె, నడుమ కప్పు తెరచి వాననీరు క్రింది తొట్టిలో పడునట్లు కట్టినదని పాఠకులెరుగుదురు. ఈ యింటిలో ఆ తొట్టి మొదటినుండియు కలదా, తరువాత చేర్చినదా అనుటపై గృహవాస్తుచరిత్ర యంతయు ఆధారపడినట్లయ్యెను. 1926లో అమెడియో మయూరి ఆ నేలక్రింద కొంత తవ్వి చూచి, తొట్టి తరువాతిదని చెప్పెను. తుదకు 1990లలో మొదలిడి ఇంచుమించు పుష్కరకాలము బ్రిటిషు, అమెరికా విశ్వవిద్యాలయములవారు ఉమ్మడిగా ఆ వాడయంతటను గచ్చులక్రిందికి దిగి, పునాదికందకములలోని మట్టిని, కుండపెంకులను పరిశీలించి, ఆ యిల్లు క్రీ.పూ. 200 ప్రాంతమున లేచినదని నిశ్చయించిరి. దానికి ముందే అక్కడ వేరొక కట్టడముండెననియు తేలినది. పలుతరముల విద్యార్థులు మూలగృహమని చదివికొన్న యిల్లు, మరియొక యింటి శిథిలములపై లేచినది. ఇంతకాలము ఆ గోడలు ఎల్లరి కండ్లయెదుటనే యున్నవి. తప్పు గోడలది కాదు.

గదుల పేర్లలోను ఇట్టి తొందరయే. నేలమీద నాలుగుగోడల చదరము కనబడగానే అది భోజనశాల, అది శయనగృహము, అది యజమాని కార్యాలయము అని విట్రూవియస్ గ్రంథములోని నామములను అతికించు అలవాటు చిరకాలముగా నున్నది. పెనిలపీ అలిసన్ అను పండితురాలు పొంపేయిలోని 30 గృహములలో దొరకిన వస్తువులను గదిగదికిని లెక్కించి చూచి, అతిథులను స్వీకరించు గంభీరమైన నడిమిచావడి యని మనము చదివిన తావులోనే బీరువాలు, పెట్టెలు, నేతమగ్గపు బరువులు ఉండుటను ఎత్తిచూపెను. ఆ చావడిలో స్త్రీలు నేత నేయుటయు, ఇంటిసామాను దాచుటయు జరిగినవన్నమాట. గోడలు మాత్రమే చూచినవారికి గృహపతి వైభవము కనబడెను. వస్తువులను చూచినవారికి ఇంటిల్లిపాది పని కనబడెను. రాతిగోడకు ప్రాధాన్యమిచ్చు చరిత్ర రాతిగోడ కట్టించినవానికే ప్రాధాన్యమిచ్చును. ఈ విషయమై నాకున్న ఆవేదనకు ముఖ్యకారణమిదియే. తడికయింటివాడు, మేడమీద అద్దెకున్నవాడు, నేతపని చేసిన దాసి, వీరందరును పునాది లేనివారగుటచే చరిత్రలేనివారగుచున్నారు.

రోమునగరమందు పాలటైన్ కొండ ఉత్తరపు వాలున 1985 మొదలుగా ఆంద్రియా కరాందిని నాయకత్వమున జరిగిన తవ్వకములు ఎంతయు ఘనమైనవి. అక్కడ క్రీ.పూ. ఆరవ శతాబ్ది చివరిభాగపు గృహముల రాతిగోడల అడుగుభాగములు అక్కడక్కడ తునకలుగా దొరికినవి. ఆ తునకలను కలిపి, నడిమిచావడియు చుట్టును గదులును గల సంపన్నగృహములను సమగ్రముగా గీచి, కప్పులతోసహా నమూనాలు సిద్ధపరచిరి. ఆ చిత్రములు పుస్తకములందెల్ల ప్రచారమొందినవి. దొరకిన గోడలెంత, పూరించినవెంత యని తరచి చూచిన పండితులు, నడిమిచావడికి ఆధారము చాలదని తీవ్రముగా ఆక్షేపించిరి. ఈ వివాదములో ఎవరు గెలిచిరన్నది నా ప్రసంగవిషయము కాదు. పండితులు తమలో తాము వాదించుకొనుటకు మూలపటములున్నవి. పాఠకుని చేతిలోనున్నది పూర్తిచిత్రము మాత్రమే. వాదము కలదన్న సంగతియే అతనికి అందదు.

సామాన్యజనులకు తునకలు చూపినచో విసుగు పుట్టుననియు, పూర్తిరూపము చూపిననేగాని ప్రాచీనచరిత్రపై ఆసక్తి కలుగదనియు కొందరందురు. ఊహ లేనిదే పురావస్తుశాస్త్రము లేదని నేనును అంగీకరింతును. తునకలనుండి ఇల్లును ఊహింపలేనివాడు తవ్వరాదు. ఆక్షేపణమంతయు ఊహను ఊహగా చూపకుండుటను గూర్చియే. దొరకిన గోడను నిండుగీతతోను, ఊహించిన గోడను చుక్కలగీతతోను చూపు సంప్రదాయము పండితుల పటములలో ఎప్పటినుండియో కలదు. ఆ చిన్నమర్యాదను మ్యూజియముల గోడలకును, పత్రికల చిత్రములకును, పాఠ్యపుస్తకములకును తీసికొనివచ్చుటకు అడ్డమేమి? రంగులలో భేదము చూపుట కష్టము కాదు. ఒకే పునాదిపై లేవగల రెండుమూడు రూపములను ప్రక్కప్రక్కన చూపినచో పాఠకుడు పారిపోవునని నేను నమ్మను. తాను కూడ ఆలోచింపదగినవాడనని గుర్తించి మరింత దగ్గరకు వచ్చును.

ఈ రోమను గృహముల గొడవ మనకేలయని తెలుగుపాఠకుడు అడుగవచ్చును. సమీపబంధమే కలదు. 1930 మొదలు వెరులేమియమను రోమను పట్టణమును భార్య టెస్సాతో కలిసి తవ్విన మార్టిమర్ వీలరే, 1944లో మన పురావస్తుశాఖకు అధిపతియై వచ్చి, తక్షశిలలో శిక్షణశిబిరము నడిపి, గోడవెంబడి తవ్వు పద్ధతిని మాన్పించి, పొరలనుబట్టి చదువు పద్ధతిని ఒక తరమువారికి నేర్పెను. మరుసటియేట పుదుచ్చేరిచెంత అరికమేడులో తవ్వి, ఇటలీలో తయారైన మట్టిపాత్రల పెంకులతో కాలము నిర్ణయించి, ఇటుకగోడల పునాదులను చూచి గిడ్డంగి యనియు, ఆ స్థలమును రోమను వర్తకస్థానమనియు చెప్పెను. 1989 నుండి 1992 వరకు విమలా బెగ్లే ఆధ్వర్యమున జరిగిన తవ్వకములు, ఆ ఊరు రోమను వర్తకముకంటె పూర్వమే పుట్టినదనియు, స్థానికజనుల జీవితమే అక్కడ ప్రధానమనియు తేల్చినవి. ఇట్టి దిద్దుబాటు సాధ్యమగుటకు కారణము స్పష్టము: వీలరు తన పొరలపటములను వెంటనే ప్రకటించెను, స్థలములో తవ్వని నేల ఇంకను మిగిలియుండెను.

నాగార్జునకొండకు ఆ రెండవ భాగ్యము లేదు. జలాశయములో మునుగకముందే 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున ఆ లోయను శోధించి, ఇక్ష్వాకుల రాజధాని కట్టడములను కొన్నింటిని ద్వీపముమీదికిని, అనుపు అను తావునకును తరలించి నిలిపిన వారి శ్రమకు తెలుగుజాతి యంతయు కృతజ్ఞమై యుండవలెను. కాని ఆ స్థలమును మరల తెరచి చూచువారుండరు, నీటిక్రింద నున్నది. కావున నివేదికయే మనకు మిగిలిన స్థలము. ఆ నివేదిక తొలిసంపుటము 1975లో వచ్చినది. ఇక్ష్వాకుల కాలపు కట్టడములను వివరించు రెండవసంపుటము 2006లోగాని వెలువడలేదు. తవ్వకము ముగిసిన నలువదియారేండ్లకు! ఈలోగా అనుపులోని మెట్ల ఆవరణమును చూచి, రోములోని రంగస్థలములతో పోల్చి, ఎవరికి తోచిన కథ వారు చెప్పుకొనుచు పోయితిమి. అక్కడ కట్టడమునెదుట నిలిచిన యాత్రికునికి ఏ రాయి యథాస్థితిలో దొరికినది, ఏది అనుమానమున అమర్చినది అని చెప్పు పలక యొకటి చాలును.

తవ్వుట యనగా చదువుచున్న గ్రంథమును పుటపుటకును చింపివేయుటయే యగుచున్నది గనుక, చదివినవాడు చదివినదంతయు వ్రాసి యీయవలెను. రాబోవు తరముల మెరుగైన కండ్లకొఱకు కొన్ని పుటలు చింపక మిగుల్చవలెను. సిల్చెస్టర్ తొమ్మిదవ వాడలో తొలివారు పైపైన శోధించి విడిచిన నేలయే నూఱేండ్లకు నిజము చెప్పినది. తవ్వకములకు ధనమిచ్చు ప్రభుత్వములు నివేదికకు కావలసిన ధనమును కాలమును కూడ మొదటిదినముననే కేటాయింపవలెను. అది లేనిచో తవ్వుటకు అనుమతి నీయరాదు. పత్రికాసంపాదకులు పునాదులపై లేచిన వర్ణచిత్రమును ప్రకటించునపుడు దానిప్రక్కనే తవ్వినవారి మూలపటమును కూడ ప్రకటింతురుగాక. పాఠకులు ఏ దేశమున ఏ శిథిలమునెదుట నిలిచినను, వివరించువానిని ఇందులో దొరికినదేది, ఊహించినదేది యని మొదట అడుగవలెనని నా విన్నపము.